చెరిపిన సున్నా

నా భార్యను చంపింది ఆస్పత్రి. దీనికి సాక్ష్యం అక్కర్లేదు. ఊపిరితిత్తికీ పక్కటెముకలకీ మధ్య చీము చేరిందని, దాన్ని దింపడానికి డొక్కలో గొట్టం పెట్టారు. చీము దిగింది. జ్వరమూ దిగింది. గొట్టం దూర్చిన చోట తోలుకీ కండకీ మధ్య కుళ్ళు పట్టి ఐదు రోజుల్లో మనిషిని తినేసింది. చూడవలసిన వాళ్ళు చూడలేదు. విచారణ చేసిన వాళ్ళు ఇంకో రకంగా రాసుకున్నారు. వాళ్ళ రాత వాళ్ళది.

నేను ఊరి బళ్ళో ఐదు దాకా చదివాను. అందంగా చెప్పడం రాదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మాది లాండ్రీ. ముప్పై ఒక్క ఏళ్ళు ఇద్దరమే నడిపాం. ముందు గదిలో బల్ల, అది ఆమెది. వెనక బాయిలరు, రెండు సిమెంటు తొట్లు, అవి నావి. బట్టలు ఇచ్చేవాళ్ళతో మాట్లాడే నోరు ఆమెది. నాకు ఆ నోరు లేదు. ఒక ముసలి ప్లీడరు ప్రతి వారం జేబు కింద సిరా మరకతో చొక్కా తెచ్చేవాడు. ఆమె దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "వాదించేది మీరా, మీ కలమా?" అనేది. ఆయన ఆ మాట కోసమే వస్తాడని నాకు అనుమానం.

మా కొట్టులో ఒక పద్ధతి ఉంది. బట్ట తీసుకునేటప్పుడు, ఇచ్చినవాళ్ళు చూస్తుండగానే, మరక చుట్టూ సుద్దముక్కతో సున్నా చుట్టాలి. తర్వాత ఆ మరక మేమే చేశామని ఎవరూ అనకుండా. వెనక తొట్టి దగ్గర నేను ఆ సున్నాలను చూసి పని చేస్తాను. తడి తగిలాక ఒక్కోసారి మరక పాకుతుంది, గీత దాటుతుంది. అప్పుడు పాత సున్నా చెరిపేసి కొత్తది చుట్టాలి. పాత సున్నా ఉంచితే పని తొందరలో దాని లోపల మాత్రమే ఉతికి వదిలేస్తాం. ఈ పద్ధతి ఆమె పెట్టిందే. బల్ల మీద నంబరు బిళ్ళల డబ్బాలో ఎప్పుడూ సుద్దముక్కలు ఉండేవి. నా చొక్కా జేబులో కూడా ఒకటి ఉండాల్సిందే. లేకపోతే తిట్టేది.

ఆమెకు షుగరు ఉంది. మూడు వారాలు దగ్గింది. బాయిలరు ఆవిరికి దగ్గుతోందని నేనే అన్నాను. నాలుగో వారం పొట్టు నిప్పులా కాలే జ్వరం, కుడిపక్క పడుకోలేదు, మాట మధ్యలో ఊపిరి తెగుతోంది. ఆమె చెల్లెలు వచ్చి చూసింది. నా మరదలు ఒక ఆఫీసులో దరఖాస్తులు టైపు చేస్తుంది. ఎవరితో ఎలా మాట్లాడాలో తెలిసిన మనిషి. అక్కను చూసి నా వైపు తిరిగి, "ఏం బావా, దీన్ని కూడా నానబెట్టి చూద్దామనుకున్నావా?" అంది. ఆ సోమవారమే ఆస్పత్రిలో చేర్చాం. మంగళవారం గొట్టం పెట్టారు.

ఆడవాళ్ళ వార్డు. ఎనిమిది ఇనుప మంచాలు. కిటికీ అద్దాలకు సగం దాకా తెల్లరంగు పూశారు, అందువల్ల బయట మనుషుల తలలు మాత్రమే నడిచి వెళుతూ కనిపిస్తాయి. గొట్టం ఆమె చంక కింద నుంచి బయలుదేరి మంచం కింద నీళ్ళున్న సీసాలోకి దిగింది. ఊపిరి వదిలినప్పుడల్లా సీసాలో బుడగలు. మొదటి రోజు అందులోకి పసుపుపచ్చటి చీము అర సీసా దిగింది. ఆమె మంచం మీంచి వంగి చూసి, "మన బాయిలరుకు పిల్ల పుట్టిందయ్యా" అంది. పక్క మంచాల వాళ్ళు నవ్వారు. అప్పటికి ఆమెకు నవ్వించే ఓపిక వచ్చింది.

ఉదయం డ్యూటీ నర్సు పొడుగ్గా, సన్నగా ఉంటుంది. తెల్ల బట్టల్లో నిలబెట్టిన సుద్దముక్కలా ఉందని నా భార్య ఆమెకు సుద్దముక్క అని పేరు పెట్టింది. ఎదురుగానే పిలిచింది. ఆ అమ్మాయి కోప్పడలేదు. కుర్ర డాక్టరుకు ఇస్త్రీబాబు అని పేరు. అతని తెల్లకోటు మీద ఒక్క ముడత ఉండేది కాదు. ఎవరు ఇస్త్రీ చేస్తారో గాని చేయి తిరిగిన మనిషి అని ఆమె మెచ్చుకుంది. మెచ్చుకున్నది ఇస్త్రీ చేసినవాణ్ణి.

బుధవారం గొట్టం చుట్టూ తోలు కొంచెం ఉబ్బింది. నొక్కితే లోపల కరకరమంది. నేను భయపడ్డాను. సుద్దముక్క నా చేతిని పట్టుకుని ఆ చోట పెట్టి నొక్కించింది. ఇది గాలి అని, గొట్టం పక్కనుంచి తోలు కిందికి కొంచెం గాలి చేరుతుందని, చాలామందికి అవుతుందని, దానంతట అదే పోతుందని చెప్పింది. నిజమే చెప్పింది. గంజి పెట్టి ఎండేసిన బట్టను గుప్పిట్లో నలిపితే ఎలా ఉంటుందో అలా ఉంది. "ఒంటికి గంజి కూడా పెట్టేశారు, ఇక ఇస్త్రీ ఒకటే మిగిలింది" అంది నా భార్య. ఆ రోజంతా ఆ మాట వార్డులో తిరిగింది. ఇస్త్రీబాబు దాకా వెళ్ళింది.

ఆ రోజు ఆమె రెండుసార్లు అన్నం తింది. నేను ఇంటికి వెళ్ళి తొట్లు కడిగి వచ్చాను. వారంలో వచ్చేస్తుందనుకున్నాను.

గురువారం తెల్లవారి నేను వెళ్ళేసరికి ఆమె మోకాళ్ళు ముడుచుకుని పడుకుని ఉంది. గొట్టం దగ్గర నొప్పి అంది. ఒకసారి బాయిలరు మూత జారి వేడినీళ్ళు పాదం మీద పడితే, పళ్ళు బిగించి బల్ల దగ్గరికి వెళ్ళి ఇంకో ముగ్గురి బట్టలు తీసుకున్న మనిషి. అలాంటి మనిషి నొప్పి అంటే నాకు తెలుసు. పైకి చూస్తే అరచేయంత ఎరుపు, అంతే. ఆ ఎరుపుకు అంత నొప్పి ఏమిటో అర్థం కాలేదు. వేలితో తాకనివ్వలేదు. దుప్పటి తగిలినా మూలిగింది. గాజుగుడ్డ కింద నుంచి గొట్టం పక్కగా నీళ్ళు కారుతున్నాయి. చీము కాదు. మురికి బట్టలు నానబెట్టిన నీళ్ళలా బూడిదరంగు. వాసన వేసింది.

వాసనలు నాకు తెలుసు. ముప్పై ఏళ్ళు రోగిష్టి ఇళ్ళ పక్కగుడ్డలు ఉతికాను. చీము వాసన వేరు, చెడిన మాంసం వాసన వేరు. తొమ్మిదింటికి డాక్టరు రౌండుకు వస్తే ఆ మాటే చెప్పాను. నిన్నటి చీము వాసన ఇది కాదండీ, ఇది కండ చెడిన వాసనలా ఉంది అన్నాను. అతను నా వైపు చూశాడు. నేనేం పని చేస్తానని అడిగాడు. చెప్పాను.

"అయితే బట్టల సంగతి మీరు చూసుకోండి. మనుషుల సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు.

గట్టిగా అనలేదు. నవ్వుతూ అన్నాడు. నిన్నటి గంజి మాట విని ఉన్నాడు గనక వార్డుతో సరసమాడుతున్నాననుకున్నాడేమో. ఎనిమిది మంచాల వాళ్ళూ నవ్వారు. అంత నొప్పిలోనూ నా భార్య కూడా నవ్వింది. "నిజమేగా" అంది. అతను గాజుగుడ్డ విప్పలేదు. పైనుంచి చూసి, నొప్పికి సూది రాసి, పక్క మంచానికి వెళ్ళాడు.

నేను ఆ మాటకు జవాబు చెప్పలేదు. మనసులో పెట్టుకున్నాను. మనసులో పెట్టుకోవడం నాకు బాగా వచ్చిన పని.

పదింటికి సుద్దముక్క వచ్చి కట్టు విప్పింది. చూసి, నవ్వడం మానేసింది. నొప్పి ఎంతసేపటి నుంచి అని అడిగింది. జ్వరం చూసింది. మళ్ళీ ఎక్కుతోంది. జేబులోంచి నీలం బాల్‌పెన్ను తీసి ఎరుపు అంచు వెంట జాగ్రత్తగా గీత గీసింది. అరచేతి పక్కన ఇంకో అరచేయి పెట్టినంత సున్నా అయింది. పెన్ను తగిలినప్పుడల్లా నా భార్య మంచం ఊచ పట్టుకుంది. అయినా ఊరుకోలేదు.

"మా కొట్లో మేమూ ఇంతే. మరకకు సున్నా చుడతాం. దాటితే చెరిపేసి కొత్తది చుడతాం" అంది.

సుద్దముక్క నవ్వింది. "ఇదీ అందుకేనమ్మా, దాటితే తెలియాలని" అంది. ఇంకేదో చెప్పబోయిందో లేదో నాకు తెలియదు. అటు చివరి మంచం దగ్గరనుంచి పిలిచారు. వెళ్ళేముందు మంచం కాళ్ళ దగ్గర వేలాడే అట్ట మీద ఏదో రాసింది. డాక్టరుకు ఫోను చేసిందని తర్వాత తెలిసింది. మధ్యాహ్నం రౌండులో చూస్తానన్నాడట. పన్నెండింటికి ఆ నర్సును ఇంకో వార్డుకు పంపారు.

ఒంటిగంటకు ఎరుపు సున్నా దాటింది. నడుము వైపు రెండు వేళ్ళు, వీపు వైపు ఒక వేలు. నేనే కొలిచాను. నా భార్య తల తిప్పి చూడలేక నన్నే అడిగింది. దాటిందని చెప్పాను.

"అయితే పాతది చెరిపెయ్. కొత్తది చుట్టించు. మళ్ళీ ఆ ఇస్త్రీబాబు వచ్చి లోపలిది మాత్రమే చూసిపోతాడు" అంది.

ఆ మాట ఆమె నొప్పిలో అన్నా తప్పు అనిపించలేదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే చేస్తున్నాం. స్టాండు మీద స్టీలు పళ్ళెంలో స్పిరిట్ సీసా, దూది ఉన్నాయి. బాల్‌పెన్ను సిరాకు స్పిరిటే మందు. ఏ చాకిరేవులో అడిగినా అదే చెబుతారు. బయటనుంచి లోపలికి తుడవాలి. లోపలినుంచి బయటికి తుడిస్తే మరక పాకుతుంది. అలాగే తుడిచాను. ఆమెను నొప్పించకుండా, తోలుకు దూది తగిలీ తగలనట్టు, నీలం పూర్తిగా పోయేదాకా. పని శుభ్రంగా చేశాను. గుర్తు కూడా మిగల్లేదు.

అప్పుడు పెన్ను కోసం చూశాను. నా దగ్గర పెన్ను లేదు. జేబులో సుద్దముక్క ఉంది. దానితోనే కొత్త అంచు వెంట గీద్దామని చూశాను. చెమట ఒంటి మీద సుద్ద పట్టలేదు. పక్క మంచాల వాళ్ళను అడిగాను. ఎవరి దగ్గరా లేదు. రెండింటికి డ్యూటీ మారి లావుపాటి నర్సు వచ్చింది. చుట్టూ కొత్త గీత గీయాలమ్మా అన్నాను. ఏ గీత అంది. చెప్పాను. డాక్టరు వచ్చాక చూద్దాం అంది. ఆమె చేతిలో ఇరవై మందులున్నాయి. రెండోసారి అడిగితే విసుక్కుంది. మూడోసారి అడగలేదు.

నాలుగింటికి డాక్టరు వచ్చాడు. అట్ట తీసి చదివాడు. ఎరుపు చుట్టూ గుర్తు పెట్టారని రాసి ఉంది, ఎక్కడ అని లావుపాటి నర్సును అడిగాడు. నేను రెండింటికి వచ్చాను సార్, నాకు తెలియదు అంది. అతను వంగి చూశాడు. గీత లేదు. వేళ్ళతో నొక్కాడు. కరకరమంది. నిన్నటిలాగే గాలి అన్నాడు. ఎరుపు గుడ్డ రాపిడికి వచ్చి ఉంటుంది, గొట్టం చుట్టూ కొంచెం అలాగే ఉంటుంది అన్నాడు.

నేను మంచం తల దగ్గర నిలబడి ఉన్నాను. చేతులు కట్టుకుని. పొద్దున ఇంత లేదని, సున్నా చుట్టిన మాట నిజమని, దాన్ని రెండు వేళ్ళు దాటిందని, అందుకే చెరిపానని నాలుగు ముక్కలు చెప్పాలి. నాలుగే ముక్కలు. అతను నన్ను అడగలేదు. నా వైపు చూడను కూడా లేదు.

నా భార్య సూది మత్తులో ఉంది. నాలుక మందంగా ఉంది. కళ్ళు తెరిచి నా చొక్కా అంచు పట్టుకుంది.

"ఏమయ్యా, చెప్పు" అంది.

"బట్టల సంగతి మనది. మనుషుల సంగతి ఆయన చూసుకుంటాడులే" అన్నాను.

అతనికి వినబడాలనే అన్నాను. వినబడింది. ఒక క్షణం ఆగాడు. అట్ట మీద రాసి పక్క మంచానికి వెళ్ళాడు. పొద్దున నవ్విన ఎనిమిది మంచాలూ ఇప్పుడు నవ్వలేదు. జవాబు చెప్పానని అనుకున్నాను. ఆ సాయంత్రం వార్డు బయట బెంచీ మీద కూర్చుని టీ తాగుతుంటే నాకు బాగానే ఉంది. ఆ మాట ఇక్కడ రాయకపోతే మిగతాది రాసి లాభం లేదు.

శుక్రవారం పొద్దున ఆరింటికి సుద్దముక్క మళ్ళీ మా వార్డుకు వచ్చింది. కట్టు విప్పి, ఒక్క చూపు చూసి, పరుగెత్తింది. ఆ అమ్మాయి పరుగెత్తడం అదే మొదటిసారి చూశాను. ఎరుపు వంకాయ రంగుకు తిరిగింది. చంక నుంచి నడుము దాకా పాకింది. మధ్యలో నల్లటి మచ్చ, దాని చుట్టూ నీటి బొబ్బలు. నా భార్య నొప్పి పోయిందయ్యా అంది. సంతోషంగా అంది. నేనూ సంతోషించాను. అక్కడి నరాలు చచ్చిపోతే నొప్పి ఉండదని పెద్ద డాక్టరు చెప్పాక తెలిసింది.

పెద్ద డాక్టరు ఆపరేషన్లు చేసేవాడు. మాటలు తక్కువ. తోలు నొక్కి, వాసన చూసి, ఇది గాలి కాదు, తోలు కింద కండ కుళ్ళుతూ పుట్టించే గాలి అన్నాడు. గొట్టం వెంట చీము బయటి కండలోకి ఎక్కిందని, షుగరు ఉన్నవాళ్ళలో మంటలా పాకుతుందని, చెడినదంతా కోసేయడం తప్ప దారి లేదని చెప్పి, నిలబడే నా చేత కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. గంటలో లోపలికి తీసుకెళ్ళారు. చంక నుంచి తుంటి ఎముక దాకా కోసేశారు. శనివారం ఇంకోసారి కోశారు. ఆమెకు మళ్ళీ తెలివి రాలేదు. నోట్లో గొట్టం, ముక్కులో గొట్టం, పక్కలో గొట్టం. మూత్రం ఆగిపోయింది. ఆదివారం పదకొండింటికి పోయింది.

పెద్ద డాక్టరు వరండాలోకి వచ్చి చెప్పాడు. "నిన్న, మొన్న కాదు. గురువారం మధ్యాహ్నమే నాకు తెలిసి ఉంటే" అన్నాడు. ఆ మాట పూర్తి చేయలేదు. మరదలు నోట్లో కొంగు కుక్కుకుని ఏడుస్తోంది. ఏడుస్తూనే ఆ మాట పట్టుకుంది.

పదిరోజులు కాకముందే ఆమె దరఖాస్తు టైపు చేసి తెచ్చింది. మూడు కాగితాలు. గొట్టం పెట్టింది మొదలు అన్నీ వరసగా రాసింది. గురువారం మధ్యాహ్నం ఏం జరిగిందని నన్ను అడిగింది. డాక్టరు సరిగా చూడలేదన్నాను. సున్నా సంగతి చెప్పలేదు. సంతకం పెట్టాను.

రెండు నెలలకు విచారణ అన్నారు. ఆస్పత్రి పై అంతస్తులో ఒక గది. పొడుగు బల్ల వెనక ముగ్గురు. గోడ పక్క కుర్చీలో ఇస్త్రీబాబు, ఇంకో పక్క సుద్దముక్క. ఆ అమ్మాయి యూనిఫాంలో రాలేదు. మామూలు బట్టల్లో ఎవరో అనుకున్నాను. నేనూ మరదలూ తలుపు దగ్గర కూర్చున్నాం.

మధ్యలో కూర్చున్న పెద్దాయన అట్ట మీద కాగితాలు చదివాడు. పదింటికి నర్సు రాత: ఎరుపు చుట్టూ పెన్నుతో గుర్తు పెట్టాను, దాటుతుందేమో చూడాలి. నాలుగింటికి డాక్టరు రాత: గుర్తు ఏమీ కనిపించలేదు, తోలు కింద గాలి. గుర్తు కనిపించి ఉంటే, ఎరుపు దాన్ని దాటి ఉంటే, తను వెంటనే పెద్ద డాక్టరును పిలిచేవాణ్ణని ఇస్త్రీబాబు చెప్పాడు. అతని కోటు ఆ రోజూ మడత నలగలేదు.

అందరి చూపూ ఆ అమ్మాయి మీదికి తిరిగింది. గీయకుండానే గీశానని రాశావన్నమాట అన్నాడు పెద్దాయన. కోపంగా అనలేదు. అలసిపోయినట్టు అన్నాడు. ఇంకో నలుగురి ఫైళ్ళు ఆయన ముందు ఉన్నాయి.

"గీశాను సార్" అంది.

ఆరు గంటల్లో పెన్ను గీత ఎలా పోతుందని అడిగాడు. తెలియదంది. మరి గీశావా అని మళ్ళీ అడిగాడు. గీశాను సార్ అని మళ్ళీ అంది. నాలుగుసార్లు అడిగారు. నాలుగుసార్లూ అదే మాట, అదే గొంతు. అబద్ధం రాసిన మనిషిని ఉద్యోగంలో ఉంచడం కుదరదని పక్కన కూర్చున్నాయన అన్నాడు. పక్కనుంచి మరదలు నా మోచేయి నొక్కింది. ఎవరో ఒకరు దొరికారని ఆమె ఆశ. అక్కను చంపినవాళ్ళకు ఒక ముఖం కావాలి ఆమెకు.

నాకూ కావాలి. నాకు కావలసిన ముఖం ఇటు కుర్చీలో ఉంది. వాళ్ళు అటు కుర్చీని చూస్తున్నారు.

నేను లేచాను. "ఆ అమ్మాయి గీసింది. నేను చెరిపాను. స్పిరిట్ పెట్టి" అన్నాను.

మరదలు చేయి తీసేసింది.

పెద్దాయన కళ్ళజోడు తీసి నా వైపు చూశాడు. ఎప్పుడు చెరిపావని అడిగాడు. ఒంటిగంటకు అన్నాను. డాక్టరు రాకముందేనా అన్నాడు. ముందే అన్నాను. ఎవరు చెప్పారు చెరపమని అన్నాడు. నా భార్య అన్నాను. గదిలో ఎవరో నిట్టూర్చారు. ఆ తర్వాతి మాట చెప్పడానికి నోరు తెరిచాను. కట్టు విప్పని సంగతి ఉంది, వాసన సంగతి ఉంది, బట్టల సంగతి నేను చూసుకోమన్న మాట ఉంది. "మీరు చెప్పవలసింది చెప్పారు, కూర్చోండి" అన్నాడు పెద్దాయన. అప్పటికే రాసుకుంటున్నాడు. అడగవలసిన ఒక్క ప్రశ్న వాళ్ళు అడగలేదు. అక్కర్లేకపోయింది.

ఫైలు అక్కడితో మూశారు. నర్సు తప్పు లేదు. గుర్తు లేదు గనక డాక్టరు తప్పూ లేదు. రోగి తాలూకు మనిషి తెలియక చెరిపాడు. కాగితం మరదలు ఇంటికే వచ్చింది. ఆమె దాన్ని తెచ్చి మా కొట్టు బల్ల మీద పెట్టింది.

"మూడు కాగితాలు టైపు చేశాను బావా. అందులో ఈ ముక్క ఒక్కటి నాతో ముందే చెప్పి ఉంటే, నేను ఆ గుమ్మం తొక్కేదాన్ని కాదు" అంది. వెళ్ళిపోయింది. అప్పటినుంచి ఆమె బట్టలు ఇంకో లాండ్రీకి వెళుతున్నాయి.

ఆ ఏడు వానలు ముగిసే రోజుల్లో ఒక మధ్యాహ్నం సుద్దముక్క కొట్టుకు వచ్చింది. చేతిలో రెండు యూనిఫాం కోట్లు. బల్ల దగ్గర నేను కూర్చోవడం చూసి ఒక క్షణం తటపటాయించింది. కోట్లు ఇచ్చింది. ఒకదాని జేబు కింద నీలం మరక. విప్పి చూసి పక్కన పెట్టాను. ఆమె వెళ్ళలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

ఉద్యోగం నిలబడిందంటే మీ వల్లే అంది. నీ కోసం చెప్పలేదన్నాను. తెలుసంది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. "ఆ రోజు అమ్మ మీ కొట్టు పద్ధతి చెప్పింది, దాటితే చెరిపేస్తామని. నేను విని నవ్వాను. మేం చెరపం, పాతది ఉంచి పక్కన ఇంకోటి గీస్తాం, టైము రాస్తాం. ఆ మాట చెప్పబోయాను, పిలిచారు, వెళ్ళిపోయాను. చెరపకండి అని ఒక్క మాట. రోజూ గుర్తొస్తుంది" అంది.

గుర్తు రావలసిందే అన్నాను.

ఆ మాటకు ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తల ఎత్తి సూటిగా చూసింది.

"మీరు ఊరికే చెరపరు. దాటితేనే చెరుపుతారు. అంటే దాటిందని ఒంటిగంటకే చూశారు. నాలుగింటికి డాక్టరు వచ్చినప్పుడు పక్కనే ఉన్నారు. ఎందుకు చెప్పలేదు?"

విచారణలో అడగని ప్రశ్న అదే. ముగ్గురు పెద్దమనుషులకు తట్టనిది ఈ అమ్మాయికి తట్టింది. బల్ల మీద బిళ్ళల డబ్బా తెరిచి ఉంది. అందులో నా భార్య విరిచి పెట్టిన సుద్దముక్కలు ఉన్నాయి. వాటి వైపు చూస్తూ కూర్చున్నాను. ఆమె ఎదురుచూసింది. బయట ఎవరో సైకిలు గోడకు ఆనించి, లోపల మనుషులున్నారని చూసి, మళ్ళీ తీసుకుని వెళ్ళిపోయారు.

"కోట్లు ఎల్లుండికి అవుతాయి" అన్నాను.

ఎల్లుండి వచ్చింది. మరక పోయింది. మడిచి ఇచ్చాను. మళ్ళీ ఆ మాటే అడగబోతోందని ముఖం చూసి తెలిసింది. వెనక్కి తిరిగి బాయిలరు దగ్గరికి వెళ్ళి, ఆమె మెట్లు దిగిన చప్పుడు వినేదాకా అక్కడే నిలబడ్డాను.

ఆ డాక్టరును నేను క్షమించలేదు. పొద్దున నవ్విన ఎనిమిది మంచాలనూ క్షమించలేదు. మిగిలిన ఒక్కణ్ణి గురించి ఎవరూ అడగనక్కర్లేదు. రాయవలసింది రాశాను. బంధువులు గాని, మరదలు గాని, ఆ నర్సు గాని, ఎవరు వచ్చి ఎన్నిసార్లు అడిగినా, ఈ సంగతి ఇక నా నోట రాదు.